రంగు మారితే గుట్టు రట్టు!

అన్నంలో పిండి ఉంటుందనీ పండులో చక్కెర ఉంటుందనీ చిన్నపిల్లలకూ తెలుసు. నిరూపించమంటేనే పెద్దలూ నీళ్లు నములుతారు. ల్యాబులో మాత్రం దానికి నాలుగు చుక్కలు చాలు. ఇంటర్ పిల్లలు మార్కుల కోసం నేర్చుకునే ఆ పరీక్షలే పాలలో కల్తీని పట్టిస్తాయి, మధుమేహం ఆనవాలు చెబుతాయి, ఒక్కోసారి పసిబిడ్డ ప్రాణమూ నిలబెడతాయి. కాకపోతే వాటిని అడగాల్సిన ప్రశ్నే అడగాలి.

పొద్దుపొద్దున్నే అజీజ్‌నగర్ దగ్గర రోడ్డు పక్కన నిలబడి చూడండి. చేవెళ్ల, మొయినాబాద్ వైపు నుంచి పాల క్యాన్లు, పూల మూటలు, కూరగాయల బస్తాలు హైదరాబాద్‌కు పోతుంటాయి. ఇంకాసేపటికి హైదరాబాద్ వైపు నుంచి కాలేజీ బస్సులు బారులు తీరి వస్తుంటాయి. ఓ వైపు హిమాయత్‌సాగర్, మరో వైపు ఉస్మాన్‌సాగర్. జంట జలాశయాలను కాపాడటానికి 1996లో వచ్చిన 111 జీవో పుణ్యమా అని ఈ చుట్టుపక్కల ఏళ్ల తరబడి పెద్ద ఫ్యాక్టరీలు రాలేదు. పొలాలూ తోటలూ కాలేజీలూ మిగిలాయి. అజీజ్‌నగర్‌లోనే డాక్టర్ వీఆర్‌కే మహిళా వైద్య కళాశాల ఉంది. మొయినాబాద్ మండలంలోనే భాస్కర వైద్య కళాశాల ఉంది. అంటే ఈ రోడ్డు మీద పొద్దున వెళ్లేవి పాలు, వచ్చేది పిల్లలు!

ఆ పిల్లల్లో కొందరు పగలంతా చేసే పని ఏమిటో తెలుసా? పరీక్షనాళికలో ఓ ద్రావణం పోసి, చుక్కలు వేసి, వేడిచేసి, రంగు కోసం ఎదురుచూడటం. దానికీ, పొద్దున ఎదురుగా వెళ్లిన పాల క్యానుకీ చాలా దగ్గర చుట్టరికం ఉంది.

ఒక్క చుక్క... ఇంకు మరక

అన్నిటికన్నా తేలికైన పరీక్షతో మొదలుపెడదాం. మందుల దుకాణంలో దొరికే టింక్చర్ అయోడిన్ చాలు. గాయాలకు రాసే పొవిడోన్ అయోడిన్ అయినా ఫర్వాలేదు, కొంచెం నీళ్లు కలిపి పలచన చేసుకోవాలి. తేనె రంగులో ఉండే ఆ మందును కోసిన బంగాళాదుంప మీద ఒక్క చుక్క వేస్తే, వేసినచోట వేసినట్టే ముదురు నీలంగా, దాదాపు నల్లగా మారిపోతుంది. చల్లారిన గంజిలో వేసినా అంతే, అన్నం మెతుకు మీద వేసినా అంతే. అదే చుక్క దోసకాయ ముక్క మీద వేస్తే మాత్రం దాని రంగు దానిదే.

ఇందులో మాయేం లేదు. పిండిపదార్థం అంటే వందలూ వేలూ గ్లూకోజ్ రేణువులు గొలుసుకట్టుగా అతుక్కున్న పొడవాటి దారం. అందులో అమైలోజ్ అనే భాగం స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంటుంది. అయోడిన్ వెళ్లి ఆ మెలికల మధ్య బొరియలో వరసగా కూర్చుంటుంది. అలా కూర్చున్నాక దానిమీద పడే వెలుతురును పీల్చుకునే తీరు మారిపోతుంది. మన కంటికి నీలం కనిపిస్తుంది. వేడిచేస్తే మెలికలు వదులై అయోడిన్ జారిపోతుంది, రంగూ పోతుంది. చల్లారితే మళ్లీ వస్తుంది. అందుకే వేడివేడి గంజిలో అయోడిన్ వేసి 'ఇందులో పిండే లేదు' అంటే గంజి నవ్విపోతుంది.

1811లో ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ కోర్త్వా అనే ఆయన తుపాకిమందుకు కావాల్సిన సురేకారం కోసం సముద్రపు నాచు బూడిదతో కుస్తీ పడుతుంటే ఊదారంగు పొగ వచ్చింది. అలా బయటపడింది అయోడిన్. మూడేళ్లు తిరక్కుండానే, 1814లో, కోలాన్, గోల్తియే ద క్లోబ్రీ అనే మరో ఇద్దరు ఫ్రెంచివాళ్లు అది పిండితో కలిస్తే నీలంగా మారుతుందని రాశారు. రెండొందల ఏళ్లు దాటినా బడిపిల్లలు చేసేది ఆ పరీక్షే.

ఇక్కడ చాలా ఇళ్లలో వచ్చే సందేహం ఒకటుంది. అయోడిన్ ఉప్పు వేసి వండిన అన్నం నీలంగా ఎందుకు మారదు? ఎందుకంటే ఉప్పులో కలిపేది నేరుగా అయోడిన్ కాదు, పొటాషియం అయోడేట్ అనే లవణం. అదీ పిసరంత. పిండి మెలికల్లోకి దూరి కూర్చునే రూపంలో అది ఉండదు కాబట్టి పులిహోర పసుపుపచ్చగానే ఉంటుంది. పిల్లలకు సరదాగా చూపించాలంటే ఇంకో సంగతీ ఉంది. నీలంగా మారిన గంజిలో నిమ్మకాయ పిండితే ఆ నీలం విరిగిపోతుంది. నిమ్మరసంలోని సి విటమిన్ అయోడిన్‌ను అయొడైడ్‌గా మార్చేయటం వల్ల జరిగే తమాషా అది. పరీక్ష చేసిన గంజినీ అన్నాన్నీ మాత్రం పారబోయాల్సిందే. నోట్లో పెట్టుకోకూడదు.

పచ్చి అరటికాయనూ, మగ్గిన అరటిపండునూ పక్కపక్కన కోసి చుక్కలు వేసి చూడండి. పచ్చికాయ నల్లబడుతుంది. పండు పెద్దగా మారదు. కాయలో బరువులో ఐదోవంతు దాకా ఉండే పిండి, మగ్గేసరికి చాలామటుకు చక్కెరగా మారిపోతుంది. కాయ ఎందుకు వగరు, పండు ఎందుకు తీపి అని అడిగే పిల్లవాడికి జవాబులో సగం ఆ రెండు ముక్కల్లోనే ఉంటుంది. ఆపిల్ తోటల్లో కోతకొచ్చిన పండ్లను అడ్డంగా కోసి అయోడిన్ చల్లి, ఎంతమేర నల్లబడిందో చార్టుతో పోల్చి, కోత ముహూర్తం పెట్టుకుంటారు.

నోట్లో జరిగే వంట

ఇంటర్ బైపీసీ పిల్లలు తప్పనిసరిగా చేసే ప్రయోగం లాలాజలానిది. చూడ్డానికి కొంచెం మొహమాటంగానే ఉంటుంది. ఎవరి ఉమ్మి వాళ్లు పరీక్షనాళికలో పట్టుకోవాలి మరి! దానికి పలచటి గంజి కలిపి, ఒంటి వేడికి సమానమైన గోరువెచ్చటి నీళ్లలో ఉంచుతారు. రెండు నిమిషాలకోసారి ఓ చుక్క తీసి అయోడిన్‌తో కలుపుతారు. మొదట నీలం. తర్వాత ఊదా. ఆ తర్వాత ఎర్రటి గోధుమ. చివరికి ఏ రంగూ రాదు. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము పిండిదారాన్ని ముక్కలు చేసుకుంటూ పోతోందన్నమాట. ఉమ్మిని ముందే మరిగించి కలిపితే ఎంతసేపు చూసినా నీలం నీలంలాగే ఉంటుంది. వేడికి ఎంజైము చచ్చిపోతుంది. 'బాగా నమిలి తిను, కాసేపటికి అన్నమే తియ్యగా ఉంటుంది' అని అమ్మమ్మలు చెప్పే మాట ఈ నాళికలో కంటికి కనిపిస్తుంది.

ఆకుకూ ఇలాంటి పరీక్షే. 1860ల్లో జర్మనీ శాస్త్రవేత్త యూలియస్ సాక్స్ ఆకుమీద ఎండ పడినచోటే పిండి తయారవుతుందని అయోడిన్‌తో తేల్చాడు. మన పదో తరగతి పిల్లలు చేసే మోల్ అర్ధపత్ర ప్రయోగమూ ఆ వరసలోదే. సగం ఆకును సీసాలో పెట్టి, ఆ సీసాలోని గాలిలో బొగ్గుపులుసు వాయువు లేకుండా చేస్తారు. ఆ సగం నీలంగా మారదు, బయటున్న సగం మారుతుంది. అయితే ఆకుపచ్చ అడ్డుగా ఉంటే నీలం కనిపించదు కదా? అందుకని ముందు స్పిరిట్‌లో ఉడికించి ఆ రంగు తీసేయాలి. స్పిరిట్‌ను నేరుగా మంటమీద పెడితే భగ్గుమంటుంది. స్పిరిట్ ఉన్న నాళికను వేడినీళ్ల బీకరులో నిలబెట్టాలి. మాస్టార్లు పదేపదే హెచ్చరించేది ఈ ఒక్క చోటే.

మైలుతుత్తం మహిమ

పిండిని పట్టటానికి అయోడిన్ ఉంది. చక్కెరను పట్టటానికో? దానికి కావాల్సిన సరుకు చేవెళ్ల వైపు రైతులకు కొత్తదేం కాదు. ద్రాక్షకూ కూరగాయలకూ తెగుళ్లు రాకుండా సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా కొడతారే... ఆ మైలుతుత్తమే. నీలిరంగు పలుకులు. రాగి లవణం.

గ్లూకోజ్‌కు ఓ గుణముంది. క్షారంలో వేడి తగిలితే ఎదుటివాడికి ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది. అందుకే ఇలాంటివాటిని క్షయకరణ చక్కెరలు అంటారు. మైలుతుత్తంలోని నీలిరంగు రాగి ఆ ఎలక్ట్రాన్లు పుచ్చుకుని ఎర్రటి రాగి ఆక్సైడుగా మారి అడుగుకు దిగుతుంది. అచ్చం ఇటుకపొడి రంగు. 1849లో హెర్మన్ ఫెలింగ్ అనే జర్మన్ రసాయనవేత్త ఈ పరీక్షను ఓ పద్ధతిలో పెట్టాడు. అయితే ఆయన ద్రావణాన్ని రెండు సీసాల్లో విడివిడిగా ఉంచి, వాడేముందు కలుపుకోవాలి. క్షారం కూడా ఘాటైనది. అమెరికాలో స్టాన్లీ బెనెడిక్ట్ 1908లో దానికి మార్పులు చేశాడు. ఘాటు క్షారం బదులు సోడియం కార్బొనేట్, రాగి అడుగున పేరుకోకుండా సిట్రేట్. దాంతో ఒకే సీసా, నెలల తరబడి నిల్వ. ప్రపంచంలోని ఆస్పత్రులన్నీ ఆ సీసాను బల్లమీద పెట్టుకున్నాయి.

బెనెడిక్ట్ పరీక్షలో ఉన్న అందం రంగుల నిచ్చెన. చక్కెర లేకపోతే నీలం. కాస్త ఉంటే ఆకుపచ్చ. ఇంకాస్త ఉంటే పసుపు. ఆపైన నారింజ. రెండు శాతం దాటితే ఇటుక ఎరుపు. కొలతలు లేకపోయినా కంటితోనే 'ఎంత' అన్నది చెప్పేయొచ్చు.

ఇంట్లో స్పిరిట్ దీపం

ఈ నిచ్చెన చక్కెరవ్యాధి ఉన్న ఇళ్లలో ఒకప్పుడు అందరికీ కంఠతా వచ్చు. గ్లూకోమీటర్లు రాకముందు... పొద్దున్నే ఓ స్పిరిట్ దీపం, ఓ పరీక్షనాళిక, నీలం ద్రావణం సీసా, చుక్కలు వేసే గొట్టం. ఐదు మిల్లీలీటర్ల ద్రావణంలో ఎనిమిది చుక్కల మూత్రం వేసి రెండు నిమిషాలు మరిగించటం. పచ్చ వస్తే ఒక ప్లస్, ఎరుపొస్తే నాలుగు ప్లస్‌లు. ఆ రోజు కాఫీలో పంచదార ఉంటుందా లేదా అన్నది ఆ రంగే తేల్చేది.

అంతకు వెయ్యేళ్ల ముందు నుంచే మన వైద్యులకు చీమల పరీక్ష తెలుసు. రోగి మూత్రానికి చీమలు పడితే మధుమేహం. ఆ పేరులోనే తేనె ఉంది. చీమ ఎంత నమ్మకస్తురాలైనా దానికి ప్లస్‌లు తెలియవు కదా! ఆ లోటు బెనెడిక్ట్ తీర్చాడు.

అయితే ఈ పరీక్ష చెప్పేది మూత్రంలో చక్కెర సంగతి. రక్తంలో సంగతి కాదు. ఇక్కడే చాలామంది తప్పులో కాలేసేవారు. సాధారణంగా రక్తంలో చక్కెర డెసీలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితేనే మూత్రపిండాలు దాన్ని మూత్రంలోకి వదులుతాయి. అంటే 160 ఉన్నా 170 ఉన్నా నాళికలో రంగు నీలమే. 'నీలం వచ్చింది, నాకేం లేదు' అని మిఠాయి తిన్నవాళ్లు ఎంతమందో. వయసు మీదపడిన కొందరిలో ఆ గడప ఇంకా ఎత్తుగా ఉంటుంది. కొందరికి పుట్టుకతోనే గడప తక్కువ. వాళ్ల మూత్రం ఎర్రబడుతుంది కానీ జబ్బు ఉండదు. మరి నాళిక అబద్ధం చెప్పిందా? లేదు. దాన్ని అడిగింది ఒకటి, దాని నుంచి విన్నామనుకున్నది మరొకటి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహుల సంఖ్య 10 కోట్ల పైమాటే. వాళ్ల రోగ నిర్ధారణా చికిత్సా ఇప్పుడు రక్తపరీక్షల మీదే నడుస్తున్నాయి.

బోస్టన్‌లో భీమవరం నీలం

రక్తంలో చక్కెరను కొలవటం ఆ రోజుల్లో అంత సులువు కాదు. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆటో ఫోలిన్, చైనా నుంచి వచ్చిన ఆయన శిష్యుడు హ్సియన్ వూ 1920 ప్రాంతంలో దానికో దారి చూపించారు. మొదటి అంకం బెనెడిక్ట్‌దే. రక్తంలోని గ్లూకోజ్ రాగిని మారుస్తుంది. అక్కడితో ఆగకుండా ఆ మారిన రాగికి మాలిబ్డినం కలిసిన ఆమ్లం తగిలిస్తారు. చక్కటి నీలం వస్తుంది. చక్కెర ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. తెలిసిన గాఢత ఉన్న నీలంతో దాన్ని పోల్చి లెక్క కట్టేస్తారు. దశాబ్దాలపాటు ఆస్పత్రుల్లో 'బ్లడ్ షుగర్' అంటే ఇదే.

ఆ ఫోలిన్ అధిపతిగా ఉన్న హార్వర్డ్ జీవరసాయన విభాగానికి ఓ తెలుగు యువకుడు వెళ్లాడు. 1895లో భీమవరంలో పుట్టి 1923లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు. సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రకటించిన పద్ధతి రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ను కొలిచేది. అందులోనూ తేల్చిచెప్పేది మాలిబ్డినం నీలమే! ఒకే చూరు కింద ఒకే నీలం... గురువుగారిది చక్కెర కోసం, మనవాడిది ఫాస్ఫరస్ కోసం. ఫిస్కే-సుబ్బారో పేరుతో జీవరసాయన విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత 1929లో ఏటీపీ వాళ్ల కంటపడ్డాయి. మనం తిన్న అన్నంలోని పిండి చక్కెరై, ఆ చక్కెర చివరికి చెయ్యెత్తే శక్తిగా మారే దారిలో ఏటీపీయే చేతికందే చిల్లర డబ్బు.

పాలే పడని పసికందు

రాగి పరీక్షకు ఓ బలహీనత ఉంది. రాగిని మార్చగలిగినదేదైనా దానికి చక్కెరలాగే కనిపిస్తుంది. సి విటమిన్ మాత్రలు ఎక్కువగా మింగినా రంగు మారొచ్చు. నిండు నెలల గర్భిణి, పాలిచ్చే తల్లి మూత్రంలో పాలచక్కెర లాక్టోజ్ వస్తే దానికీ రంగు మారుతుంది. పాపం వాళ్లకు షుగరేం ఉండదు.

1956లో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్, హెలెన్ ఫ్రీ దంపతులు పనిచేసిన కంపెనీ క్లినిస్టిక్స్ అనే కాగితపు పట్టీని తెచ్చింది. ముంచి తీస్తే చాలు. మంట లేదు, మరగబెట్టటం లేదు. పైగా దానిలోని ఎంజైము గ్లూకోజ్ ఒక్కదాన్నే గుర్తుపడుతుంది. లాక్టోజ్‌ను పట్టించుకోదు. అలాగని అదీ తప్పుల్లేనిది కాదు. సి విటమిన్ ఎక్కువుంటే రాగి పరీక్ష లేని చక్కెరను ఉందంటుంది, పట్టీయేమో ఉన్న చక్కెరను లేదంటుంది!

పట్టీలొచ్చాక బెనెడిక్ట్ సీసా అటకెక్కాల్సిందే అనుకుంటాం. కానీ అప్పుడప్పుడు ఆ పాత సీసాయే ఆదుకుంటుంది. పుట్టిన కొద్దిరోజులకే పాలు తాగిన ప్రతిసారీ వాంతులు, తగ్గని కామెర్లు, బరువు పెరగకపోవటం... అలాంటి బిడ్డ మూత్రాన్ని గ్లూకోజ్ పట్టీతో చూస్తే ఏమీ ఉండదు. అదే మూత్రాన్ని బెనెడిక్ట్‌తో మరిగిస్తే ఎర్రబడుతుంది. గ్లూకోజ్ కాదు, అయినా ఏదో చక్కెర ఉంది. ఈ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూసే వైద్యుడికి గెలాక్టోసీమియా అనే అనుమానం వస్తుంది. పాలలోని లాక్టోజ్ కడుపులో గ్లూకోజ్, గెలాక్టోజ్ అని రెండుగా విడిపోతుంది. ఆ రెండోదాన్ని వాడుకునే ఎంజైము ఈ పిల్లల్లో పుట్టుకతోనే ఉండదు. గెలాక్టోజ్ పేరుకుపోయి కాలేయం దెబ్బతింటుంది. కంట్లో శుక్లాలు వస్తాయి. ప్రాణానికే ముప్పు. అరుదైన జబ్బే. అయితే ఏ తల్లికైనా నమ్మబుద్ధికాని మాట ఏమిటంటే, అమ్మపాలే ఆ బిడ్డకు విషం. పాలు ఆపి సోయా లాంటి వేరే ఆహారం మొదలుపెడితే బిడ్డ కోలుకుంటుంది. ఇతర కారణాలతోనూ బెనెడిక్ట్ ఎర్రబడొచ్చు కాబట్టి రక్తంలో ఎంజైము పరీక్షతోనే నిర్ధారణ చేస్తారు. పుట్టగానే మడమ నుంచి రక్తపు చుక్క తీసి చేసే పరీక్షల్లో దీన్నీ చూస్తున్నారు. అయినా ముందుగా అనుమానం రావాలిగా... దానికి రెండు రంగుల మధ్య తేడాను పట్టుకునే కన్ను కావాలి.

క్యానులో ఏముంది?

ఇప్పుడు మళ్లీ అజీజ్‌నగర్ రోడ్డు మీదికి వద్దాం. పాలలో నీళ్లు కలిపితే లాక్టోమీటర్ పట్టేస్తుంది. పాలు పలచనై సాంద్రత తగ్గుతుంది కాబట్టి ఆ గాజుబుడ్డి ఎక్కువ లోతుకు మునుగుతుంది. కల్తీ చేసేవాడు అంతకంటే తెలివైనవాడైతే? నీళ్లతోపాటు కాస్త పంచదారో, పిండో, గంజో కలుపుతాడు. సాంద్రత మళ్లీ సరిపోతుంది. లాక్టోమీటర్ బుద్ధిగా తలాడిస్తుంది. అది సాంద్రతను మాత్రమే చూస్తుంది మరి.

అప్పుడు కావాలి మన చుక్కలు. గంజి కలిపారన్న అనుమానం ఉంటే రెండు మూడు మిల్లీలీటర్ల పాలలో రెండు చుక్కల అయోడిన్. నీలం వస్తే దొరికిపోయినట్టే. కాచిన పాలైతే చల్లారనివ్వాలి. పనీరుకూ కోవాకూ నీళ్లు పోసి మరిగించి, చల్లార్చి ఇదే పరీక్ష చేస్తారు. భారత ఆహార భద్రత ప్రమాణాల సంస్థ ఇంట్లో చేసుకోదగ్గ పరీక్షల్లో దీన్ని చేర్చింది.

సరే, పంచదార కలిపితే బెనెడిక్ట్ ఉందిగా అంటారా? అదే చిక్కు! స్వచ్ఛమైన పాలు పోసినా బెనెడిక్ట్ ఎర్రబడుతుంది. పాలలో సహజంగా ఉండే లాక్టోజ్ క్షయకరణ చక్కెరే. ఇక కల్తీకి వాడే పంచదార, అంటే సుక్రోజ్, రాగిని మార్చలేదు. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ఉన్న జోడీ అది. ఎలక్ట్రాన్లు ఇవ్వాల్సిన చేతులే ఆ పట్టులో ఉండిపోయాయి. అంటే ఈ పరీక్ష తప్పులేని పాలను దొంగ అంటుంది, అసలు దొంగను వదిలేస్తుంది. అందుకే పాలలో పంచదారకు వేరే పరీక్ష. రిసార్సినాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచితే ఎర్రబడుతుంది. 1887లో రష్యా శాస్త్రవేత్త సెలివనాఫ్ చెప్పిన కిటుకు ఇది. ఆమ్లం పంచదారను విడగొట్టగా బయటపడే ఫ్రక్టోజ్‌ను పట్టుకుంటుంది. ఆమ్లంతో పని కాబట్టి ఇది వంటింటి పరీక్ష కాదు, ల్యాబులోదే. గ్లూకోజ్ కలిపారేమో అన్న అనుమానానికి మాత్రం మధుమేహులు మూత్రానికి వాడే పట్టీయే పనికొస్తుంది. మంచి పాలలో దాని రంగు మారదు.

దొంగలు కూడా ఊరుకుంటారా! పిండిని అయోడిన్ పట్టేస్తుందని తెలిశాక మాల్టోడెక్స్‌ట్రిన్ వచ్చింది. పిండిదారాన్ని చిన్నచిన్న ముక్కలు చేస్తే వచ్చేదే ఇది. పొట్టి ముక్కల్లో అయోడిన్‌కు కూర్చునే మెలికలు చాలవు. నీలం రాదు. లాలాజలం ప్రయోగంలో మధ్యలో కనిపించిన ఎర్రటి గోధుమ రంగు గుర్తుందా? ల్యాబులో పాలను విరగ్గొట్టి, పైతేట తీసి, అందులో అయోడిన్ వేసి ఆ రంగు కోసమే వెతుకుతారు. బైపీసీ పిల్లాడు రికార్డు పుస్తకంలో రాసుకున్న ఆ మధ్య రంగే ఇక్కడ సాక్ష్యం.

ఆహార భద్రత సంస్థ 2018లో దేశవ్యాప్తంగా 1,103 పట్టణాల్లో 6,432 పాల నమూనాలు తీయించి పరీక్షించింది. ఫలితాలు 2019 అక్టోబరులో బయటపెట్టింది. ప్రమాదకరమైన కల్తీ తేలినవి 12 మాత్రమే. మనం భయపడుతున్నంత ఘోరమేం లేదన్నమాట. కాకపోతే ఆ 12లోనూ ఎక్కువ తెలంగాణవే కావటం కాస్త మింగుడుపడని సంగతి. ఆరోగ్యానికి హాని అనలేకపోయినా కలపకూడని పంచదార, మాల్టోడెక్స్‌ట్రిన్ కొన్ని ప్రాసెస్ చేసిన పాలలో దొరికాయి. నేరుగా రైతు దగ్గర కొనే పాలను అనుమానించి, ప్యాకెట్‌ను కళ్లు మూసుకుని నమ్మేవాళ్లు గమనించాల్సిన విషయమే ఇది.

ఇంట్లో అయోడిన్ సీసా పట్టుకున్నాక వంటింట్లోని డబ్బాలన్నీ పరీక్షించాలనిపిస్తుంది. పసుపు జోలికి మాత్రం వెళ్లకండి. పసుపుకొమ్ములోనే బోలెడు పిండి ఉంటుంది. కల్తీ లేని పసుపైనా అయోడిన్ వేస్తే నల్లబడుతుంది. కొట్టువాడితో గొడవపడితే మాట పడాల్సింది మీరే. ఏ ఆహారంలో సహజంగా ఎంత పిండి ఉంటుందో, ఎంత చక్కెర ఉంటుందో ముందు తెలిసి ఉండాలి. ఆ లెక్కలు తీసింది మన ఊరి సంస్థే. 1918లో కూనూరులో చిన్న బెరిబెరి పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది. అది 2017లో వెలువరించిన ఆహార పట్టికల్లో 528 రకాల ఆహారాలున్నాయి. పిండి ఎంత, గ్లూకోజ్ ఎంత, ఫ్రక్టోజ్ ఎంత, సుక్రోజ్ ఎంత అని వేటికవి విడదీసి చూపించారు. వాటిని తేల్చింది చుక్కల పరీక్షలతో కాదనుకోండి, అందుకు ఖరీదైన యంత్రాలున్నాయి.

మూడు సీసాలు

యంత్రాలు ఎన్ని వచ్చినా ల్యాబులో పిల్లలకు పెట్టే పరీక్ష మాత్రం పాతదే. పేరు రాయని సీసాలో నీళ్లలాంటి ద్రావణం ఇచ్చి 'ఇందులో ఏముందో చెప్పు' అంటారు. ముందుగా మోలిష్ పరీక్ష. ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త హాన్స్ మోలిష్ 1886లో కనిపెట్టింది. ఆ తర్వాత చాలా ఏళ్లకు ఆయన కలకత్తా వచ్చి జగదీశ్ చంద్రబోస్ సంస్థలో పనిచేసి వెళ్లారు. నాళికలో రెండు ద్రవాలు కలిసేచోట ఊదారంగు ఉంగరం కనిపిస్తే పిండో, చక్కెరో ఏదో ఒకటి ఉన్నట్టు. అంతవరకే అది చెబుతుంది. ఏదన్నది చెప్పదు.

అయోడిన్ వేస్తే నీలం వచ్చిందా, పిండి. పని అయిపోయింది. రాలేదా, బెనెడిక్ట్ పోసి మరిగించాలి. ఎర్రబడితే గ్లూకోజ్ లాంటి క్షయకరణ చక్కెర. అదీ లేదు, ద్రావణం నీలంగానే కూర్చుంది... ఊదా ఉంగరం చూస్తేనేమో ఏదో ఉందనే చెబుతోంది. సగంమంది ఇక్కడే తెల్లమొహం వేస్తారు. తెలిసినవాళ్లు కొత్త నాళికలో ద్రావణం పోసి, నాలుగు చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి కాసేపు మరిగిస్తారు. చల్లార్చి, సోడా వేసి ఆమ్లాన్ని చంపి, మళ్లీ బెనెడిక్ట్ పోస్తారు. ఈసారి ఇటుక ఎరుపు! గ్లూకోజ్, ఫ్రక్టోజ్ చేతులు వదిలేశాయి. సీసాలో ఉన్నది సుక్రోజ్. చక్కెర అనండి, పంచదార అనండి... కిరాణా కొట్లో కిలోల లెక్కన దొరికే సరుకు ల్యాబులో అన్నిటికన్నా ఆలస్యంగా దొరుకుతుంది.

ఇంత గొడవెందుకు, ఓ చుక్క నాలుక మీద వేసుకుంటే తేలిపోతుందిగా అని ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరికైనా అనిపిస్తుంది. ఆ పని చేస్తూ దొరికితే మార్కులు కోసి బయటికి పంపేస్తారు. పక్క సీసాలో ఉన్నది మైలుతుత్తం మరి!